పదకొండు నంబరు

హన్మకొండ చౌరస్తాల, మెట్లెక్కి పోయే దుకాణం.
తబలా తోలు వాసన, హార్మోనియంల మీద దుమ్ము.
నేను నోరు తెరవకముందే
ఖలీల్ సాబ్ పాకెట్ తీసి బల్ల మీద పెట్టిండు,
"తొమ్మిదే గదా?"

ఎనిమిదేండ్ల సంది తొమ్మిదే.
వేలు ఆనితే చాలు, వెంట్రుక లెక్క వంగేది తీగె.

"పదకొండు ఇయ్యండి."

కళ్ళద్దాల పైకెల్లి చూసిండు,
నా మొఖం కాదు, వేళ్ళు.
"ఈ వేళ్ళకా? ఎవరు చెప్పిండ్రు?"

ఎవ్వరు చెప్పలే.
ఎలీషా గొంతు చెప్పింది.

పోయిన చలికాలం వాని మెడ కోసి
నిమ్మకాయంత గడ్డ తీసిండ్రు.
కుట్లు ఆరినయి. మాట వచ్చింది.
పాట గూడ వచ్చింది గాని
పైమెట్టు మీదికి కాలు లేవలే.
కాజీపేట డీజిల్ కాలనీల, వాళ్ళ క్వార్టర్ వరండాల,
పాత శృతిల ఎత్తుకొని చరణం సగంల ఆగిండు.
నీళ్ళు తాగి మళ్ళ ఎత్తుకున్నడు.
మళ్ళ అక్కడనే.
బల్లార్షా దిక్కు పోయే గూడ్సు
డబ్బాలన్ని దాటేదాక
ఎవ్వరం మాట్లాడలే.

"సీజన్ ముందట కొత్త సింగర్ని చూద్దాం," అన్నడు
కీబోర్డు రజనీకర్, చెప్పులు తొడుక్కుంట.
నేను ఏమనలే.
ఆరు కీలలు ఒక్కొక్కటే వెనకకు తిప్పిన,
ఒక నిండు స్వరం కిందికి.
ఎలీషా పాడిండు.
చరణం దాటిండు.

కాని నా తొమ్మిది నంబరు తీగెలు
తడి దుప్పటి ఆరేసిన తాడు తీరుగ జారినయి.
గట్టిగ మీటితే శృతి పక్కకు పోతది,
మెల్లగ మీటితే మెట్ల మీద గలగల.
దిగిన శృతిని మొయ్యాలంటే
తీగెకు కండ ఉండాలె.

కొత్తవాడల, జంపఖానా మగ్గం మీదికెల్లి లేచి
నాయిన పాకెట్ తిప్పి చూసిండు.
"సన్నం తెచ్చినవా బిడ్డా?"
"లేదు, లావు."
"నంబరు పెరిగితే పోగు సన్నం గదనే.
ఇరవై కన్న నలభై సన్నం,
నలభై కన్న ఎనభై.
మీ దాంట్ల ఉల్టానా?"
ఉల్టనే నాయినా.
అంగుళాన్ని వెయ్యి చీలికలు చేస్తే
అండ్ల తొమ్మిది, అండ్ల పదకొండు.
పెరిగింది రెండంటె రెండే.
ఆయన రెండు వేళ్ళ నడుమ తీగె పట్టి
కండ్లు మూసి నలిపిండు.
"రెండు కాదు. చానా ఉంది."

చానానే ఉండె.
లావు తీగె గాడిల ఇరికి
తిప్పినప్పుడల్ల టిక్కుమని ఎగిరి దుంకింది.
సన్న ఆకురాయితోటి అరగదీసిన,
ఊపిరి బిగపట్టి, అర్ధగంట.
ఎక్కువ గీకితే మళ్ళ అతికేది కాదది.
గిటారు మెడ ముందుకు వంగింది.
లోపలి కడ్డీని పావు చుట్టు బిగించి
మంచం మీద పండబెట్టిన.
తెల్లారేవరకు చెక్క ఒప్పుకున్నది.
నా వేళ్ళు ఒప్పుకోలే.
వారం దినాలు పచ్చిపులుసుల చెయ్యి పెడితే
మిర్చి నేరుగ ఎముకల దిగేది.

తొమ్మిది మీద నేను చానా కోతలు కోసిన.
తీగెను మెలికలు తిప్పి, ఏడిపించి,
బారాత్ పోరగాండ్లతోటి ఈలలేయించిన.
పదకొండు అట్ల వినదు.
ఒక్క స్వరం వంచుదామంటే
మూడు వేళ్ళు ఒక్క మాట మీదికి రావాలె.

పరకాలల రిసెప్షన్.
జనరేటర్ మోత, బగారన్నం పొగలు.
ఎలీషా మచ్చ కనపడకుంట
మెడదాక గుండీలు పెట్టుకున్నడు.
రెండో పాటల ఉక్కపోతకు
తనే ఒకటి విప్పిండు.
చరణం కిందికి దిగేకాడ
నేను ఆరో తీగె కొట్టిన.
కాళ్ళ కింద స్టేజి పలక వణికింది,
రజనీకర్ తలకాయ ఎత్తిండు.
ఎలీషా వెనకకు తిరిగి నన్ను చూసిండు.
నవ్వలే.
ఇంకింత కిందికి దిగిండు,
మేం ప్రాక్టీసుల ఎన్నడు పోని చోటికి.

రేపు మళ్ళ ఆ మెట్లెక్కాలె.
పన్నెండు ఉన్నయో లేవో
ఖలీల్ సాబ్‌ను అడగాలె.